బస్సులో వచ్చిన పెళ్ళివారు

ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేశాక నాకు దొరికిన ఉద్యోగం, బస్సులో డ్రైవరు పక్కన నిలబడి మైకులో మాట్లాడడం. విశాఖపట్నంలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు. జనాన్ని తీసుకెళ్ళి గుళ్ళూ సముద్రాలూ చూపించాలి, మధ్యలో నాలుగు నవ్వుమాటలు చెప్పాలి, ఎక్కించుకున్న తలకాయలన్నిటినీ తిరిగి దింపాలి. వీటిలో మా ఓనరుకి నచ్చింది నా నవ్వుమాటలే. "నీకు సబ్జెక్టు లేకపోయినా మనుషుల్ని నవ్వించడం వచ్చయ్యా" అనేవాడు. నా చదువును ఇంత క్లుప్తంగా అంచనా వేసినవాళ్ళు యూనివర్సిటీలో కూడా లేరు.

రెండు వేల పద్దెనిమిది అక్టోబరులో తుఫాను వచ్చింది. మా అమ్మ పుట్టిన ఊరు నౌపడ దాటాక, సముద్రానికి కాస్త ఇవతల ఉంటుంది. కొబ్బరితోటల ఊరు. తుఫాను మర్నాటికి తోటలు లేవు, ఊరు మాత్రం ఉంది. మూడో రోజున రోడ్డు తెరుచుకున్నాక నేను వెళ్ళేసరికి మా మావ, అంటే అమ్మ తమ్ముడు, పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. తొంభై చెట్లలో ఏడు నిలబడి ఉన్నాయి.

"రారా అల్లుడూ, కూకో" అన్నాడు. "ఇప్పుడు మనకి కూకోడానికి సోటు లోటు నేదు."

మా అమ్మ వైపు అందరూ ఇలాగే మాట్లాడతారు. ఎంత పెద్ద దెబ్బ తగిలితే అంత చిన్న మాట అంటారు. నాకు ఈ గుణం అక్కడినుంచే వచ్చింది. దానివల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కొబ్బరిమొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మావకి అప్పటికి నలభై ఎనిమిది. అత్తకి నలభై మూడో నలభై నాలుగో, ఆమెకే సరిగా తెలీదు. పిల్లలు లేరు. ఊళ్ళో ఒక్కో ఇంటికీ తాళం పడుతోంది. చెన్నైలో కట్టే అపార్ట్‌మెంట్లకు మనుషులను తీసుకెళ్ళే మేస్త్రి ఒకాయన నెలకోసారి వచ్చి అరుగు మీద కూర్చుని పేర్లు రాసుకుని పోయేవాడు. మావ ప్రతిసారీ "ఈ తడవ కాదు, మల్లీ తడవ సూద్దాం" అంటూ వచ్చాడు. ఆ మల్లీ తడవలు అయిపోవస్తున్నాయని ఇద్దరికీ తెలుసు.

అదే ఏడాది మా ఓనరుకి హోమ్‌స్టే అనే మాట పట్టుకుంది. హోటళ్ళలో పడుకుని విసిగిపోయిన పట్నంవాళ్ళు పల్లెటూళ్ళో, పల్లెటూరివాళ్ళ ఇళ్ళల్లో పడుకోవాలని కోరుకుంటున్నారట. నేను మా మావ ఊరి సంగతి చెప్పాను. పెద్ద ఇళ్ళు ఆరు ఉన్నాయి, సముద్రం ఉంది, పనసచెట్లు కొన్ని మిగిలాయి, మనుషులు మంచివాళ్ళు. ఓనరు ఆలోచించి, "ఒక్క బ్యాచిని తీసుకెళ్ళు. వాళ్ళు అక్కడ తిని, పడుకుని, బాగుందంటే ప్రతి శనివారం బస్సు పంపుతాను. తినకుండా లేచి వచ్చారంటే మళ్ళీ ఆ ఊరి పేరెత్తకు" అన్నాడు.

మావకి ఇది చెబితే కాలుస్తున్న బీడీ ఆర్పేశాడు. తరవాత మేస్త్రికి ఫోన్ చేసి, "ఆదోరం సెప్తాను బాబూ, అందాకా ఆగు" అన్నాడు. బస్సు వచ్చేది శనివారం.

ముందు వారం వెళ్ళి అందరినీ మావ ఇంటి పంచలో కూర్చోబెట్టి చెప్పాను. ఏ హడావుడీ వద్దు, మీరు ఎలా ఉంటారో అలాగే ఉండండి, మీరు తినేదే పెట్టండి, అంబలి తాగితే అంబలే ఇవ్వండి అన్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు. నాకు చదువు ఎక్కువైందని వాళ్ళకు ముందునుంచీ అనుమానం ఉంది, అందుకని మర్యాదగా విన్నారు. చివర్లో అత్త అడిగింది.

"ఎంతమందొస్తారు బాబూ?"

"ఇరవై ఇద్దరు."

"ఏటి మీదొస్తారు?"

"బస్సు మీద."

"ఏ యేలకి?"

"దీపాలవేళకి."

"రాత్రుండి పొద్దున్న ఎల్తారా?"

"టిఫినయ్యాక వెళ్తారు."

అత్త తలూపి లోపలికి వెళ్ళింది. ఆమెకు కావలసినదంతా తెలిసిపోయింది. తెలియనిది నాకే. ఆ ఊళ్ళో ఇరవై మంది బస్సు మీద దీపాలవేళకు దిగి, రాత్రి ఉండి, పొద్దున్న టిఫిను చేసి వెళ్ళేది ఒకే ఒక్క సందర్భంలో. వాళ్ళను మగపెళ్ళివారంటారు. బస్సెడు పరాయివాళ్ళకు ఏ మర్యాద చెయ్యాలో అక్కడ తరతరాలుగా అందరికీ తెలుసు. నేనొక్కణ్ణి పంచలో కూర్చుని అంబలి గురించి మాట్లాడి వచ్చాను.

ఫిబ్రవరిలో ఆ శనివారం వచ్చింది. పొద్దున్న ఆరింటికి విశాఖపట్నంలో బయల్దేరాం. వచ్చినవాళ్ళు హైదరాబాదులో ఒక కాలనీ సంఘం. చాలామంది రిటైరైనవాళ్ళు. అందరి తరఫునా మాట్లాడేది ఒక బ్యాంకు మేనేజరు గారు, ఆయనా రిటైరైనవారే. ఏది చూసినా చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఆయన భార్య ఎక్కువ మాట్లాడేది కాదు. వెనక సీట్లో తల్లికి తోడుగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేరు అమ్మాయి ఫోనులోంచి తలెత్తేది కాదు. డ్రైవరుది రాజాం. ఆయనకు ప్రపంచంలో ఏ ఊరైనా రాజాంకి ఇటో అటో ఉంటుంది.

భోగాపురం దగ్గర నేను మైకు అందుకుని, "అందరూ కుడివైపు చూడండి, అంతర్జాతీయ విమానాశ్రయం" అన్నాను. ఇరవై రెండు తలలు తిరిగాయి. ఎర్రమట్టి, జీడిమామిడి చెట్లు, రెండు మేకలు. "ఇంకా కట్టలేదు. మనమే కొంచెం తొందరపడి వచ్చాం" అన్నాను. బస్సంతా నవ్వింది. మేనేజరు గారు కూడా నవ్వి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఆ రోజు బాగా మొదలైందనుకున్నాను. నవ్వుతున్న బస్సులో ఉన్నంతసేపూ నాకు ఏదైనా సాధ్యమే అనిపిస్తుంది.

అరసవల్లిలో దర్శనం, శ్రీకాకుళంలో భోజనం. భోజనాల దగ్గర మేనేజరు గారి భార్య నా పక్కన కూర్చుని, "రాత్రి మనం ఉండేది మీ వాళ్ళ ఊరేనా బాబూ?" అని అడిగింది. అవునన్నాను. ఎందుకో ఆమెతో జోకు వెయ్యాలనిపించలేదు. ఏడు కొబ్బరిచెట్ల సంగతీ, మేస్త్రి సంగతీ, ఆదివారం సంగతీ చెప్పేశాను. ఆమె మజ్జిగ అన్నం కలపడం ఆపి వింది. "దేవుడి దయవల్ల అంతా బాగానే జరుగుతుందిలే" అంది. నేను తలూపాను. నాకు దేవుడి మీద కంటే ఇరవై ఇద్దరి ఆకలి మీద నమ్మకం ఎక్కువ.

నరసన్నపేట, టెక్కలి దాటి సాయంత్రం నౌపడ చేరాం. ఉప్పుమళ్ళ పక్కన బస్సు ఆపితే అందరూ దిగి ఉప్పుకుప్పలతో ఫోటోలు దిగారు. పారతో ఉప్పు లాగుతున్న ఒక మనిషిని కాస్త ఇటు తిరగమన్నారు. ఆయన తిరిగాడు. మళ్ళీ అటు తిరగమన్నారు. అటూ తిరిగాడు.

బస్సు కదిలిన ఐదు నిమిషాలకు సాఫ్ట్‌వేరు అమ్మాయి తలెత్తింది. ఫోనులో ఆ చుట్టుపక్కల ఊళ్ళ గురించి చదివిందట.

"ఎక్స్‌క్యూజ్‌మీ అండీ, ఈ ఏరియాలో నీళ్ళు తాగితే కిడ్నీలు పాడవుతాయట కదా?"

తలలన్నీ నా వైపు తిరిగాయి.

ఆ అమ్మాయి అడిగింది అబద్ధం కాదు. ఆ ప్రాంతంలో కిడ్నీజబ్బు ఉంది. అది నీళ్ళవల్లో, ఇంకెందువల్లో పెద్ద పెద్ద డాక్టర్లే అప్పటికి తేల్చి చెప్పలేదు. మా పెద్దమావ, మావకి అన్న, ఆ జబ్బుతోనే పోయాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చి మంచం మీద కూర్చుని, "నా ఒంట్లో నెత్తురు నాకంటే ఎక్కువ తిరుగుతున్నాదిరా" అని నవ్వించేవాడు. ఆ ఇంట్లో దాని గురించి అందరూ అలాగే మాట్లాడుకునేవాళ్ళు. వేరేలా మాట్లాడితే ఏడవాలి.

నేను చెప్పవలసిన జవాబు చిన్నది. 'మీకు క్యాన్ల నీళ్ళు తెప్పిస్తాను, భయం లేదు' అంటే సరిపోయేది. నా చేతిలో మైకు ఉంది. పొద్దుటినుంచీ నవ్వుతున్న మనుషులు నా ఎదురుగా ఉన్నారు.

"ఒక్క రాత్రికి పోవు లెండి" అన్నాను. "మా వాళ్ళకే ఇరవై ముప్ఫై ఏళ్ళు పట్టింది."

డ్రైవరు ఒక్కడే నవ్వాడు. మా పెద్దమావ ఉంటే పడీపడీ నవ్వేవాడు.

తరవాత నేను చాలా చెప్పాను. మంచినీళ్ళ ఏర్పాటు చేస్తామన్నాను, జోకు వేశానన్నాను, క్షమించమన్నాను. మేనేజరు గారు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. వెనకసీట్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరి సంచిలో ఎన్ని నీళ్ళ సీసాలు మిగిలాయో సర్దుకుంటున్నారు.

ఊరి మలుపు తిరిగేసరికి డ్రైవరు బ్రేకు వేశాడు.

"గురువుగారూ, ఇక్కడెవులిదో పెళ్లున్నట్టున్నాది. బండి ఇంకో తోవని తిప్పీమంటారా?"

రోడ్డుకు అడ్డంగా అరటిబోదెలు కట్టిన ద్వారం. ఎర్రా పసుపూ గుడ్డల షామియానా. రంగుబల్బుల తోరణాలు. సన్నాయీ డోలూ. ముందు వరసలో మావ, పట్టుపంచె కట్టుకుని, చేతిలో గంధం గిన్నెతో నిలబడి ఉన్నాడు.

"తిప్పొద్దు" అన్నాను. "మన కోసమే."

"మరి పెళ్ళికొడుకెవులు?" అన్నాడు డ్రైవరు, బస్సులోకి తొంగిచూస్తూ. వచ్చినవాళ్ళలో అరవై దాటని మగాడు లేడు.

మొదటి పది నిమిషాలూ అద్భుతంగా ఉంది. అది ఒప్పుకోవాలి. మేనేజరు గారికి మావ గంధం రాసి పన్నీరు చల్లి, రెండు చేతులూ పట్టుకుని దింపాడు. అందరూ ఫోన్లు తీశారు. అత్త కొత్తచీర కట్టుకుంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి చెంబులతో వచ్చినవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోశారు. షామియానా కింద ఇరవై రెండు కుర్చీలకూ తెల్లగుడ్డలు తొడిగారు. నేను ఓనరుకి రెండు ఫోటోలు కూడా పంపాను.

అప్పుడు పానకం వచ్చింది.

రెండు పెద్ద ఇత్తడి బిందెలు, చింతపండుతో తోమి బంగారంలా మెరిపించినవి. మావ స్వయంగా గ్లాసులు నింపి అందించాడు. బెల్లం, మిరియాలు, యాలకులు. విడిదిలో దిగిన మగపెళ్ళివారికి మొదట ఇచ్చేది పానకమే. వాళ్ళు తాగితే సంబంధం సజావుగా ఉన్నట్టు. తాగకపోతే ఎక్కడో మాట తేడా వచ్చిందన్నమాట. పెద్దమనుషులు పరుగెత్తాలి, కాళ్ళావేళ్ళా పడాలి. ఇది ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. అందుకే జనమంతా చుట్టూ నిలబడి ఆ గ్లాసుల కేసి చూస్తున్నారు.

ఒక్కరూ తాగలేదు. అందరూ మర్యాదగా తీసుకున్నారు, మర్యాదగా పట్టుకున్నారు. చూస్తుండగానే ఒక్కొక్క గ్లాసూ కుర్చీల కిందికి చేరింది. సన్నాయి ఆగిపోయింది. ఊదేవాళ్ళకు కూడా ఆ మర్యాదలు తెలుసు.

వెనకనుంచి ఒక ముసలామె గొంతు వినిపించింది. "ఏటే, తాగరేటే? లాంఛనాల కాడ ఏటైనా తేడా వచ్చినాదేటి?"

"ఊరుకోయే ముసిల్దానా, లాంఛనాలేటి, ఇది పెళ్ళి కాదు" అని ఎవరో కసిరారు.

"పెళ్ళి కాకపోతే మరెందుకొచ్చినారే?"



అత్త నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మగపెళ్ళివారు భోంచేసేదాకా ఆడపెళ్ళివారు తినరు. పొద్దుటినుంచీ ఆరిళ్ళవాళ్ళూ పచ్చి గంగ ముట్టలేదు.

"బాబూ, బెల్లం ఎక్కువైనాదా?"

"లేదత్తా. బాగుంది. దూరం నుంచి వచ్చారు కదా, కాసేపాగి తాగుతారు."

"మిరియాలు నానే దంచినాను" అంది. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కొక్కటే సరిచూసుకుంటోంది.

కుర్చీల ముందు బల్లలు జరిపి విస్తళ్ళు వేశారు. పులిహోర, బూరెలు, ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, జీడిపప్పు కూర, దప్పళం. అంబలి జాడ లేదు. అతిథులందరూ కూర్చున్నారు. బూరెలు కొరికారు, అవి నూనెలో వేగినవి కదా. అన్నం మీద చెయ్యి పెట్టలేదు. మేనేజరు గారు లేచి, నన్ను షామియానా గుంజ దగ్గరకు పిలిచారు.

"చూడండి, వీళ్ళ ఆప్యాయతకి వంక పెట్టడానికేం లేదు. కానీ మాలో సగం మందికి బీపీ, షుగరు. వంటకి వాడింది ఏ నీళ్ళో మాకు తెలీదు. మీ ఓనరుతో మాట్లాడాను. శ్రీకాకుళంలో రూములు చూస్తానన్నారు."

నేను అత్త దగ్గరకు పరుగెత్తాను. "అత్తా, వంటకి, పానకానికి ఏ నీళ్ళు వాడారు?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. ఇల్లు చుట్టి పశువుల సాల వెనక్కు తీసుకెళ్ళింది. అక్కడ గడ్డి కప్పి ఉంది. తీసి చూపించింది. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు, పన్నెండు. అన్నీ ఖాళీ.

"టెక్కలి ప్లాంటు నీలు. మీ మావ పొద్దున్న ఆటో కట్టించుకుని తెచ్చినాడు. కాల్లకి పోసినవీ ఇవే."

"మరి ఇక్కడెందుకు దాచారు?"

"పెళ్ళోరికి ప్లాస్టీకు డబ్బాతోని నీలు పోత్తారేటి బాబూ? నామర్దా కాదేటి?"

"మీరేం తాగుతున్నారు?"

"మాకేటి, మాకు నుయ్యున్నాది గదా."

ఆ ఆరిళ్ళవాళ్ళు తమకోసం ఏనాడూ కొనుక్కోని నీళ్ళు కొని, వాటితో బస్సువాళ్ళ కాళ్ళు కడిగి, క్యాన్లు కనిపిస్తే పరువు పోతుందని గడ్డిలో దాచిపెట్టారు. నేను రెండు క్యాన్లు రెండు చేతులా పట్టుకుని షామియానాలోకి పరుగెత్తాను. ఎమ్మెస్సీలో నేను చూపించిన ఏ ప్రయోగానికీ అంతమంది ప్రేక్షకులు లేరు.

"ప్లాంటు నీళ్ళండీ. అన్నిటికీ ఇవే. చూడండి."

మేనేజరు గారు క్యానును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు. జీవితమంతా కాగితాలు చూసి, సంతకాలు సరిపోల్చి అలవాటైన మనిషి.

"ఖాళీ క్యాన్లు ఎవరింట్లోనైనా ఉంటాయి కదండీ" అన్నారు నెమ్మదిగా. అత్త వైపు తిరిగి, "అలాంటప్పుడు వీటితోనే మా ముందు పోసుంటే బాగుండేది కదమ్మా" అన్నారు.

"పెళ్ళోరికి అలగ పొయ్యకూడదు బాబూ" అంది అత్త.

"మేం పెళ్ళివారం కాదమ్మా."

ఎంత మెత్తగా అన్నారంటే, అత్త వెంటనే చేతులు జోడించింది, తన తప్పేదో బయటపడినట్టు.

"ఇంతకీ భయం పెట్టింది మేం కాదు" అన్నారు మేనేజరు గారు. "మీ గైడుగారే బస్సులో చెప్పారు. తనవాళ్ళ కిడ్నీలు పోవడానికి ఇరవై ముప్ఫై ఏళ్ళు పట్టిందని."

అత్త నా వైపు చూసింది. మావ దూరంగా విస్తళ్ళ దగ్గర నిలబడి ఎవరినో బతిమాలుతున్నాడు, వినలేదు. అత్త విన్నది. ఆమె ముఖంలో కోపం ఉందేమోనని చూశాను. లేదు. ఆ మాట ఎవరిదో, ఏ మంచం మీదనుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. పెద్దమావకు చివరి రోజుల్లో అన్నం కలిపి పెట్టింది ఆమే.

అప్పుడే మేనేజరు గారి భార్య వంగి, తన కుర్చీ కింది గ్లాసు తీసుకుని పానకం తాగింది. కొంచెం కొంచెంగా కాదు, గడగడా పూర్తిగా తాగేసింది.

"ఏమిటది? మందులు వేసుకుంటున్నావు కదా!" అన్నారు మేనేజరు గారు.

"దాహం వేసింది" అంది ఆమె.

సన్నాయి ఊదే ఆయన అది చూశాడు. పెళ్ళివారు పానకం పుచ్చుకున్నారని, సంబంధం కుదిరిందని, వెంటనే సన్నాయి అందుకున్నాడు. డోలు కూడా కలిసింది. ఆ మేళం మధ్యే అతిథులు ఒక్కొక్కరూ లేచి బస్సు వైపు నడిచారు. చివర్లో ఆమె కూడా లేచింది. లేచేముందు అత్త భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. ఆ మోతలో వినపడలేదు.

మావ బస్సు తలుపు దగ్గరకు వచ్చాడు. అప్పటికి ఆయనకు అంతా అర్థమైంది. అయినా ఇంటికి వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపకూడదు. ఎక్కుతున్న ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క సంచి పెట్టాడు. రెండు అరటిపళ్ళు, తమలపాకులు, కొబ్బరికాయ. కొబ్బరికాయలు మాత్రం అందరూ సంతోషంగా తీసుకున్నారు. అవి మిగిలిన ఏడు చెట్లవి. ఆ చెట్లు తాగేది ఏ ప్లాంటు నీళ్ళో ఎవరూ అడగలేదు.

నేను తలకాయలు లెక్కపెట్టాను. ఇరవై రెండూ ఉన్నాయి. నేను దిగిపోవచ్చు. షామియానాలో వడ్డించిన విస్తళ్ళు అలాగే ఉన్నాయి, ఆరిళ్ళవాళ్ళు తినాలో వద్దో తెలియక వాటి చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ళతో నిలబడడానికి ఒక మనిషి తక్కువగా ఉన్నాడు. కానీ నా ఉద్యోగం బస్సులో ఉంది. ఎక్కాను.

"నువ్వేటి సేత్తావురా, ఎల్లు" అన్నాడు మావ కిందనుంచి. "మంచోల్లేరా. ముసిలోల్లు గదా, బయం."

బస్సు తిరిగి శ్రీకాకుళం దారి పట్టింది. మైకు నా ఒళ్ళో ఉంది. డ్రైవరు ఒకసారి, "గురువుగారూ, మా రాజాంలోనైతే..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. హోటల్లో అందరికీ ఇడ్లీ, దోసె తెప్పించారు. అందరూ కడుపునిండా తిన్నారు. నేను కూడా. ఇది చెప్పుకోవడం సిగ్గుచేటే, కానీ ఆకలేసింది. రెండు ప్లేట్లు తిన్నాను. అత్త ఆ పూట తిన్నదో లేదో ఫోన్ చేసి అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

ఓనరు ఫోన్ చేసి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "సర్లే, ఒకటి ప్రయత్నించాం కదా. వచ్చేవారం నుంచి అరకు బండి చూసుకో" అన్నాడు. ఆ ఊరి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్న మేస్త్రి వచ్చాడు. మావ ఈసారి మల్లీ తడవ అనలేదు. రెండు పేర్లు రాయించాడు. ఆయనకి మట్టి మొయ్యడం, అత్తకి ఇటుకలు అందించడం. ఏడు కొబ్బరిచెట్లూ పక్కింటివాళ్ళకు అప్పగించి, ఇంటికి తాళం వేసి, వారంలోపలే బయల్దేరారు. వాళ్ళెక్కిన రైలు విశాఖపట్నంలో కొంచెంసేపు ఆగుతుంది. నేను ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను.

జనరల్ పెట్టెలో కిటికీ పక్కన అత్త కూర్చుంది. మావ తలుపు దగ్గర నిలబడి, నన్ను చూసి చెయ్యి ఊపాడు. మనుషులను తోసుకుంటూ కిటికీ దగ్గరకు వెళ్ళాను. చెన్నైలో ఎండలు ఎక్కువని చెప్పాను. అత్త ఔనంది. గడప దాటేముందు పొయ్యి అలికి వచ్చానని చెప్పింది. నేను బాగుందన్నాను.

మావ మేస్త్రిని వెతకడానికి అటు జరిగాడు. అప్పుడు అత్త కిటికీ ఊచల మధ్యనుంచి ముఖం ముందుకు పెట్టి, గొంతు తగ్గించి అంది.

"బాబూ, బస్సులో నువ్వన్న మాట మీ మావకి నాను సెప్పనేదు. నువ్వూ ఎప్పుడూ సెప్పకు."

నేను తలూపాను.

"ఆడికి తెలిస్తే నవ్వేత్తాడు" అంది. "నవ్వి, ఊరుకుంటాడు. అది నాను సూళ్ళేను."

మావ తిరిగి వచ్చాడు. మేస్త్రి ముందు పెట్టెలో సీటు పట్టి కూర్చున్నాడట. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. ఎండల గురించి అన్నాను. రైలు కదిలేదాకా ముగ్గురం ఎండల గురించే మాట్లాడుకున్నాం.